కోడిగుడ్డుకి రోజూ రేటు ఉంది, లారీ కిరాయికి ఎందుకు లేదు?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న మన జిల్లా పేజీలో ఒక వార్త వేశారు, ఓవర్‌లోడ్ లారీల వల్ల రోడ్లు పాడైపోతున్నాయి, రాత్రిళ్లు హైవే పక్కన ఆపిన లారీలని గుద్దుకుని జనం చచ్చిపోతున్నారు, డ్రైవర్లు నిద్ర లేకుండా తోలుతున్నారు అని. రాసినదాంట్లో అబద్ధం ఏమీ లేదండి, నేను రోజూ కళ్లారా చూసేదే. కాకపోతే ఆ వార్త రెండుసార్లు చదివినా ఒక్క సంగతి ఎక్కడా కనపడలేదు, అసలు మేం ఓవర్‌లోడ్ ఎందుకు వేసుకుంటున్నాం, నిద్ర ఎందుకు మానుకుంటున్నాం అనేది. ఎవరన్నా రాస్తారేమో అని చాలా ఏళ్లుగా చూస్తున్నా, ఎవరూ రాయట్లేదు కాబట్టి నేనే రాస్తున్నా. ఫోన్లో కొడుతున్నా, తప్పులుంటే దిద్దుకుని వేయండి.

నాది ఒకటే బండి, పది టైర్లది. ఓనర్నీ నేనే డ్రైవర్నీ నేనే. ఇరవై ఏళ్లకి పైగా స్టీరింగ్ పడుతున్నా, అందులో ఎక్కువ కాలం జీతానికే తోలాను, 2022లో సొంత బండి కొన్నా. 2018 మోడలు సెకండ్ హ్యాండు, 17 లక్షలు. మా ఆవిడ బంగారం, ఊళ్లో అర ఎకరం అమ్మిన డబ్బు కలిపి 5 లక్షలు కట్టి మిగతా 12 లక్షలు ఫైనాన్స్‌లో తీసుకున్నా. నెలకి 36,000 కిస్తీ, నాలుగేళ్లు. ఒకళ్ల కింద పని చేసే బదులు మన బండి మనం తోలుకుంటే నాలుగు రూపాయలు మిగుల్తాయి కదా అనుకున్నా, ప్రతి డ్రైవరూ అదే అనుకుంటాడు.

ఇప్పుడు ఒక ట్రిప్పు లెక్క చెబుతా, దయచేసి ఓపిగ్గా చదవండి, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది మొత్తం ఈ లెక్కలోనే ఉంది. పోయిన ఆగస్టులో గుంటూరు కోల్డ్ స్టోరేజ్ నుంచి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, 18 టన్నులు కోల్‌కతాకి వేసుకున్నా. టన్నుకి 2,900 కుదిరింది, అంటే కిరాయి 52,200. దూరం రమారమి 1,250 కిలోమీటర్లు, నా బండి లోడు మీద లీటరుకి నాలుగు ఇస్తుంది, డీజిల్‌కి 30,000 అయింది. టోల్ 7,500. బ్రోకర్ కమీషన్ 1,500. లోడింగ్ ఖర్చు, కాటా, పట్టా తాడు అన్నీ కలిపి 2,000. నాకూ క్లీనర్‌కీ తిండి బత్తా 4,000. దారి ఖర్చులు 1,500, అవి ఏం ఖర్చులో రోడ్డు మీద తిరిగే ఎవరికైనా తెలుసు, విడమరిచి రాయను. మొత్తం 46,500. మిగిలింది 5,700. నా జీతం అందులో లెక్క వేయలేదు, గమనించండి.

సరే పోయేటప్పుడు మిగిలింది కదా అంటారు. అక్కడ దిగాక మూడు రోజులు రిటర్న్ లోడు కోసం కూర్చున్నా. బంగాళాదుంపలో గోనెసంచులో దొరకాలి, ఆ టైములో రెండూ డల్లే. చివరికి 42,000కి ఒక లోడు దొరికింది. వచ్చేటప్పుడు నా ఖర్చు 44,500. అంటే తెలిసి తెలిసి 2,500 లాసుకి బండి ఎక్కించుకున్నా. మీకు ఇది పిచ్చిగా అనిపించొచ్చు, లాసుకి ఎవడైనా పని ఒప్పుకుంటాడా అని. కానీ ఖాళీగా తోలుకొస్తే డీజిల్లో కొంత తగ్గినా టోలు, బత్తా కలిపి 35 వేలకి పైన చేతినుంచి పోతాయి. 35 వేలు పోగొట్టుకోవటం కన్నా 2,500 పోగొట్టుకోవటం మేలు కదా. ఈ సంగతి నాకెంత తెలుసో అక్కడ బ్రోకర్‌కి అంతకన్నా బాగా తెలుసు. మొదటి రోజు 47 అన్నాడు, నేను 50 అడిగా. రెండో రోజు 45 అన్నాడు. మూడో రోజు 42. వాడు బేరం ఆడలేదండి, నా డాబా బిల్లు పెరిగేదాకా ఆగాడు అంతే.

రానూ పోనూ పన్నెండు రోజులకి మిగిలింది 3,200. నెలకి ఇలాంటివి రెండు ట్రిప్పులు. కిస్తీ 36,000. మరి కిస్తీ ఎట్లా కడుతున్నావురా అని అడగండి. అడగాల్సిన ప్రశ్న అదే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్లో కిరాయి బాగుంటుంది, టన్నుకి 3,800, 4,000 దాకా కూడా పోతుంది, అప్పుడు నాలుగు డబ్బులు వెనకేసుకుంటాం. మిగతా నెలల్లో ఓవర్‌లోడ్ వేస్తాం. నేనూ వేశాను, దాచుకునేది ఏమీ లేదు. 5 టన్నులు ఎక్కువ వేస్తే 14,500 అదనంగా వస్తాయి, డీజిల్ కొంచెం పెరుగుద్ది అంతే. కానీ దొరికితే 20,000 ఫైను, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. ఒకసారి ఒక చెక్‌పోస్టులో 5 టన్నులకి పట్టుకుంటే 30,000 కట్టి బయటపడ్డా, ఆ రెండు నెలలు పిల్ల కాలేజీ ఫీజు ఆగిపోయింది. బ్రేకు పట్టని లోడుతో ఘాట్ దిగేటప్పుడు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, చేతులు చెమటలు పడతాయి. ఇష్టంతో ఎవడూ వేయడండి.

ఇక్కడ ఒక్క విషయం చూడండి ఎడిటర్ గారూ. పైన రాసిన లెక్కలో దాదాపు ప్రతి దానికీ ఎక్కడో ఒకచోట రేటు రాసి ఉంది. డీజిల్ రేటు బంకులో బోర్డు మీద ఉంది, 2014 అక్టోబర్లో కంట్రోల్ ఎత్తేశారు, 2017 జూన్ నుంచి రోజూ మార్చే పద్ధతి తెచ్చారు. మన రాష్ట్రంలో దానిమీద 22.25 శాతం వ్యాట్, మళ్లీ లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు, అందుకే ఇచ్ఛాపురం దాటి ఒరిస్సాలో పడ్డాక ట్యాంకు నింపుకుంటాం. టోల్ రేటు గేటు దగ్గర రాసి ఉంటుంది, ఏటా ఏప్రిల్ 1న మారుద్ది. నా బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం 43,950, అది 2022 జూన్‌లో కేంద్రం ఖరారు చేసిన రేటు. నేషనల్ పర్మిట్‌కి 16,500. ఫైనాన్స్ వాడి కిస్తీ తారీఖుతో సహా రాసి ఉంటుంది, ఒక రెండు నెలలు తప్పితే సీజింగ్ వాళ్లు టోల్‌గేట్ దగ్గరే కాపలా కాస్తారు. ఒక్క కిరాయికి మాత్రం ఎక్కడా రేటు లేదు. బోర్డు లేదు, కాగితం లేదు, గెజిట్ లేదు. ఆ రోజు ఆ ఊళ్లో ఎన్ని బండ్లు ఖాళీగా ఉన్నాయి, ఎవడికి ఎంత అర్జెంటు అనేదే రేటు.

న్యాయంగా తగ్గినవి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గించారు, నాకు 5,274 కట్టే చోట 2,197 అయింది, మూడు వేలు మిగిలినట్టే. టైర్లు, స్పేర్ పార్టుల మీద 28 నుంచి 18కి వచ్చింది. మన రాష్ట్రంలో గ్రీన్ ట్యాక్స్ వందల్లో ఉండేదాన్ని వేలల్లోకి తీసుకెళ్లి మమ్మల్ని ఏడిపించారు, తర్వాత ప్రభుత్వం మారాక తగ్గించారు, సంతోషం. పెరిగినవీ ఉన్నాయి, 2025 నవంబర్లో కేంద్రం ఫిట్‌నెస్ ఫీజులు పెంచింది, 20 ఏళ్లు దాటిన హెవీ బండికి 25,000. అంత పాత బండి తోలేవాడు ఎవడండి, కొత్తది కొనే స్తోమత లేనివాడే కదా. ఇంకోటి, రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా స్టేట్ పర్మిట్ బండ్లకి ఆంధ్రా తెలంగాణ మధ్య ఏడాదికి ఒకేసారి కట్టి తిరిగే కౌంటర్ సిగ్నేచర్ పద్ధతి కావాలని అడిగీ అడిగీ ఓనర్ల సంఘాలు అలిసిపోయాయి. మా చిలకలూరిపేట నుంచి హైదరాబాద్ లోడు అంటే మా నాన్న టైములో ఇంటి పక్క ఊరు.

అయితే ఒకటి తగ్గితే మా జేబులోకి వస్తుందనుకోకండి. టైర్లు తగ్గాయి కదా అని పార్టీ వాడు, అంటే సరుకు పంపేవాడు, కిరాయి తగ్గించి అడుగుతాడు. డీజిల్ పెరిగినప్పుడు మాత్రం పెంచడు. 2018 జూలైలో యాక్సిల్ లోడ్ పెంచారు, నా లాంటి పది టైర్ల బండికి, బండి బరువుతో కలిపి, 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి. అప్పుడు నేను జీతానికి తోలేవాణ్ణి, మా ఓనరు స్వీట్లు పంచాడు, ఎక్కువ వేసుకోవచ్చు అని. ఏమయింది? దేశంలో ఉన్న బండ్లన్నీ ఒక్కసారిగా పెద్దవి అయినట్టు అయింది, సరుకు మాత్రం అంతే ఉంది, టన్ను రేటు పడిపోయింది. ఎక్కువ మోసి అంతే తెచ్చుకున్నాం, టైర్లు మాత్రం ముందే అరిగిపోయాయి.

అదే నెల 20 నుంచి 27 దాకా ఎనిమిది రోజులు దేశమంతా లారీలు ఆగాయి, డీజిల్, టోల్, ఇన్సూరెన్స్ గురించి లారీ ఓనర్ల సంఘం ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్ పిలుపు ఇస్తే. ఎనిమిది రోజుల తర్వాత హామీలు ఇచ్చారు, విరమించారు. 2024 జనవరి 1న మళ్లీ బండ్లు ఆగాయి, ఈసారి కొత్త చట్టం గురించి. భారతీయ న్యాయ సంహిత 106(2), యాక్సిడెంట్ చేసి పోలీసులకి గానీ మేజిస్ట్రేట్‌కి గానీ చెప్పకుండా పోతే 10 ఏళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో యాక్సిడెంట్ చావుకి రెండేళ్లే ఉండేది. అప్పుడు నేను నాగపూర్ అవతల ఆగిపోయాను, రోడ్డుకి రెండు పక్కలా బండ్లే. అక్కడ ఒక రాజస్థాన్ డ్రైవరు అన్నాడు, నిలబడితే జనం కొట్టి చంపుతారు, పారిపోతే పదేళ్లు, మరి నేను ఎక్కడికి పోవాలి అని. గాయపడ్డవాణ్ణి వదిలేసి పోవటం తప్పే, నేను దాన్ని సమర్థించను, కానీ ఆ రాత్రి అతని మాటకి నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు టీవీల్లో చూపించారు, రెండో రోజు రాత్రికే ఢిల్లీలో హోం సెక్రటరీ మాట్లాడి, మీతో చర్చించాకే ఆ క్లాజు అమలు చేస్తాం అన్నారు. జూలై 1న చట్టం మిగతాదంతా అమల్లోకి వచ్చింది, అది ఒక్కటీ ఆపారు.

నాకు ఇందులో అర్థమైంది ఏంటంటే, జనానికి పెట్రోలు అందకపోతే రెండు రోజుల్లో కదులుతారు. కిరాయి గురించి అడిగితే మాత్రం అది మీకూ మీ పార్టీకీ మధ్య వ్యవహారం, మార్కెట్ అంటారు. ఈ మార్కెట్ అనే మాట దగ్గరే నాకు కోపం వచ్చేది. ఎందుకో చెబుతా.

మేమందరం కలిసి ఒక రేటు అనుకుంటే చట్టం ఒప్పుకోదు. 2012లో డీజిల్ ఒక్కసారిగా లీటరుకి 5 రూపాయలు పెరిగినప్పుడు, కిరాయి 15 శాతం పెంచుకోండని ఆ మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్సే చెప్పింది. తర్వాత వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందా లేదా చూసే కాంపిటీషన్ కమిషన్ దాన్ని తప్పు పట్టింది, అది కుమ్మక్కు అని. సరే పెద్ద ఓనర్లు కూడా ఉంటారు అందులో, వాళ్లు కుమ్మక్కు అయ్యే ప్రమాదం ఉంది, కాదనను. కానీ సరుకు పంపే వంద పెద్ద కంపెనీలు టెండర్ పిలిచి అందరికన్నా తక్కువ చెప్పినవాడికే లోడు ఇస్తే అది పోటీ, ఒక్కో బండి ఉన్న వెయ్యి మంది ఇంతకన్నా తగ్గితే చచ్చిపోతాం అంటే అది కుమ్మక్కు. ఇది ఎక్కడి న్యాయమో నాకు అంతుపట్టదు.

పోనీ మేం పెట్టొద్దు, ప్రభుత్వమే పెట్టొచ్చు కదా? పెట్టొచ్చండి. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 67 చూడండి. బస్సు చార్జీలతో పాటు గూడ్స్ బండ్ల కిరాయికి కూడా కనీసం ఇంత గరిష్ఠం ఇంత అని ఖరారు చేయమని రవాణా అథారిటీకి చెప్పే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి అందులో రాసే ఉంది. బీకాం చదివే మా అమ్మాయి ఫోన్లో చట్టం తీసి చదివి వినిపిస్తే నమ్మలేదు, మళ్లీ చదవమన్నా. దాదాపు నలభై ఏళ్లుగా చట్టంలో ఉంది. ఆర్టీసీ టికెట్ ఎంతో ప్రభుత్వానికి తెలుసు, ఆటో మీటర్ ఎంతో తెలుసు, మిర్చి మోసే లారీకి కనీసం ఎంత ఇవ్వాలో మాత్రం రాయటానికి పెన్ను దొరకలేదు.

ఇది ఎక్కడా జరగని పని ఏమీ కాదు. దక్షిణ కొరియాలో 2020 నుంచి 2022 చివరిదాకా కంటైనర్ లారీలకీ సిమెంట్ లారీలకీ కనీస కిరాయి పెట్టారు, అంతకన్నా తక్కువ ఇస్తే పార్టీకే జరిమానా. దాని పేరే సేఫ్ రేటు, ఎందుకంటే కిరాయి గిట్టుబాటు అయితే డ్రైవరు నిద్రపోతాడు, ఓవర్‌లోడ్ వేయడు అని వాళ్ల లెక్క. గడువు అయిపోతుంటే కొనసాగించాలని 2022లో రెండుసార్లు సమ్మె చేశారు అక్కడి సొంత బండి డ్రైవర్లు, జూన్‌లో 8 రోజులు, నవంబర్ డిసెంబర్లో 16 రోజులు. అప్పుడు ఓడిపోయారు, 2025లో మళ్లీ చట్టం చేయించుకున్నారు. మీ వార్తలో రోడ్డు భద్రత అని రాశారు కదా, భద్రతకీ కిరాయికీ ముడి ఉందని ఆ దేశం చట్టంలోనే రాసుకుంది.

మన దేశంలోనే హిమాచల్ సంగతి చూడండి. అక్కడ సిమెంట్ ఫ్యాక్టరీలకి లోకల్ లారీ యూనియన్ల రేటు ఉంటుంది, టన్నుకి కిలోమీటరుకి ఇంత అని. 2022 డిసెంబర్లో ఆ రేటు ఎక్కువైందని అదానీ గ్రూపు బర్మానా, దర్లాఘాట్ రెండు ప్లాంట్లూ మూసేసింది. రెండు నెలలకి పైగా వేల బండ్లు నిలబడిపోయాయి, కిస్తీలు ఆగిపోయాయి, చివరికి 2023 ఫిబ్రవరి 20న ముఖ్యమంత్రి కూర్చోబెడితే పెద్ద బండ్లకి 9.30 రూపాయలు, చిన్న వాటికి 10.30 దగ్గర తెగింది. పాత రేటు కన్నా తగ్గించుకునే వచ్చారు లారీ వాళ్లు. అయినా వాళ్లకి ఒక రేటు అంటూ ఉంది చూశారా, బేరం ఆడటానికి ఒక అంకె ఉంది. నాకు నా 1,250 కిలోమీటర్ల రిటర్న్ లోడుకి టన్నుకి కిలోమీటరుకి 2 రూపాయలు కూడా పడలేదు. కొండ రోడ్డు కిరాయికీ హైవే కిరాయికీ పోలిక పెట్టకూడదని తెలుసు, అయినా మనసు ఆగక లెక్క వేసుకున్నా.

లోకల్ యూనియన్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, మా వాళ్లకి నచ్చకపోయినా. చాలా చోట్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర బయట బండికి లోడు ఇవ్వనివ్వరు, సీరియల్లో మా బండ్లే ముందు అంటారు. నాలాంటి బయట బండివాడు రెండు రోజులు నిలబడి ఖాళీగా వెనక్కి పోవాలి. కొట్టుకున్నవి కూడా చూశాను, అద్దాలు పగలగొట్టుకున్నారు. 2024 నవంబర్లో రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్ (ఆర్టీపీపీ) ఫ్లైయాష్, అంటే బొగ్గు బూడిద, లోడింగ్ గురించి రెండు నియోజకవర్గాల నాయకుల మధ్య గొడవ ముఖ్యమంత్రి దాకా పోయింది, మీ పేపర్లో కూడా వచ్చింది. రాసినన్నాళ్లూ నాయకుల పేర్లే రాశారు, ఆ బండ్ల మీద బతికే డ్రైవర్లు అన్ని రోజులు ఏం తిన్నారో ఎవరూ రాయలేదు. యూనియన్ వాడి బాధ నాకు తెలుసు, వాడి ఊరి దుమ్ము వాడే పీలుస్తున్నాడు, వాడి బండి వాడి గేటు దగ్గర నిలబడితే ఎట్లా. కానీ ఇద్దరం గేటు దగ్గర తన్నుకుంటుంటే లోపల ఏసీ రూములో కూర్చున్నవాడికి కిరాయి ఇంకో వంద తగ్గుతుంది.

ఇంక బ్యాలెన్స్ డబ్బుల సంగతి. లోడు ఎత్తేటప్పుడు 80, 90 శాతం అడ్వాన్సు ఇస్తారు, మిగతాది సరుకు దించి సంతకం పెట్టిన రసీదు తెచ్చి ఇచ్చాక. ఆ మిగతా పది శాతమే మా లాభం అండి, అసలు ముక్క అదే. ఒక పార్టీ రెండు టిక్కీలు తడిశాయని 9,000 బ్యాలెన్స్ ఆపింది. తడిసింది నిజమే, దించుకునే గోడౌన్ ముందు రెండు రోజులు వానలో నిలబెట్టింది కూడా వాళ్లే. బండి నిలబెట్టినందుకు ఇవ్వాల్సిన హాల్టింగ్ డబ్బులు ఇవ్వలేదు. మూడు నెలలు ఫోన్లు చేస్తే 4,000 వేశారు, మిగతా 5,000 మర్చిపోమన్నారు. ఐదు వేలకి కోర్టుకి పోతానా, పోతే నా బండి ఎవరు తోలతారు? నేను కిస్తీ ఐదు రోజులు లేటు చేస్తే పెనాల్టీ, నాకు రావాల్సింది తొంభై రోజులు లేటు అయితే వడ్డీ లేదు సారీ లేదు.

నా దగ్గర లాంగ్ ట్రిప్పులకి అప్పుడప్పుడు ఇంకో డ్రైవరు వస్తాడు, నా కన్నా పదేళ్లు చిన్న, తమ్ముడు లాంటివాడు. అతనికి పీఎఫ్ లేదు ఈఎస్ఐ లేదు, నేను ఇవ్వట్లేదు, ఇవ్వలేను. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961లోనే వచ్చింది, రోజుకి 8 గంటలు వారానికి 48 గంటలు అని. కానీ ఐదుగురు కన్నా తక్కువ పనివాళ్లు ఉన్న చోట అది వర్తించేది కాదు, మాలాంటి ఒక్క బండి వాళ్లు అందులోకి రాలేదు. ఇప్పుడు దాన్ని తీసేసి 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్లు తెచ్చారు, అందులో సొంత బండి తోలుకునేవాడి గంటలు ఎవరు లెక్కపెడతారో మా పేటలో ఎవరికీ తెలీదు. కొత్తగా తయారయ్యే బండ్లకి ఏసీ క్యాబిన్ పెట్టాలని రూలు తెచ్చారు, మంచిదే, మే నెలలో ఒంగోలు నెల్లూరు మధ్య మధ్యాహ్నం ఇంజను పక్కన కూర్చుంటే ఒళ్లు ఉడికిపోతుంది. కానీ అందులో నిద్రపోవటానికి బండి ఎక్కడ ఆపాలో కూడా చూపించాలి కదా. హైవే పక్కన ఆపొద్దని రాశారు మీరు. ఆపకూడదు, నిజమే. సేఫ్‌గా ఆపే చోటు వంద కిలోమీటర్లకి ఒకటి కూడా సరిగ్గా లేదు, ఉన్నచోట డీజిల్ దొంగలు. తెల్లారి లేచేసరికి ట్యాంకులో వంద లీటర్లు పోతే ఆ ట్రిప్పు మొత్తం పోయినట్టే.

మా అమ్మాయి ఇంకో సంగతి కూడా చెప్పింది. కోడిగుడ్ల రైతులకి కూడా ఒకప్పుడు ఇదే గతి అంట, వ్యాపారి చెప్పిందే రేటు, గుడ్డు నిలవ ఉండదు కాబట్టి ఎంతకైనా అమ్ముకోవాల్సిందే. 1982లో బి.వి. రావు గారు ముందుండి నడిపితే రైతులు నెక్ (నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ) అని పెట్టుకుని, రోజూ గుడ్డు రేటు వాళ్లే ప్రకటించటం మొదలుపెట్టారు. ఇవాళ్టికీ మీ పేపర్లో విజయవాడ గుడ్డు రేటు, హైదరాబాద్ గుడ్డు రేటు వస్తుంది. గుడ్డు లాగే మా బండి కూడా నిలవ ఉండదండి, ఒక రోజు నిలబడితే ఆ రోజు కిస్తీ కుళ్లిపోయినట్టే. గుడ్డుకి దొరికిన దారి మాకు దొరకదా అని ఆ రాత్రంతా ఆలోచించాను.

ప్రభుత్వాన్ని అడిగేవి రెండే. సెక్షన్ 67 వాడి డీజిల్ రేటుకి ముడిపెట్టి కనీస కిరాయి ఖరారు చేయండి, డీజిల్ పెరిగితే అదీ పెరగాలి, తగ్గితే తగ్గనివ్వండి, మాకేం అభ్యంతరం లేదు. రెండోది, రసీదు ఇచ్చిన పదిహేను రోజుల్లో బ్యాలెన్స్ ఇవ్వకపోతే వడ్డీ, రోజుకి ఇంత అని హాల్టింగ్, ఇవి లోడుతో పాటు ఇచ్చే వేబిల్లు మీదే అచ్చు వేయించండి. ఇవి అయ్యేసరికి ఎన్నేళ్లు పడుతుందో తెలీదు, నా కిస్తీలు అయిపోతాయి బండి కూడా అయిపోతుందేమో.

మిమ్మల్ని అడిగేది మాత్రం రేపే చేయగలిగింది. మీ మార్కెట్ పేజీలో బంగారం, వెండి, మిర్చి, పత్తి, కోడిగుడ్డు, చికెన్ అన్నిటి రేట్లూ వేస్తారు. వాటి కింద నాలుగు లైన్లు లారీ కిరాయికి ఇవ్వండి. గుంటూరు నుంచి కోల్‌కతా, గుంటూరు నుంచి ఢిల్లీ, విజయవాడ నుంచి హైదరాబాద్, వైజాగ్ నుంచి చెన్నై, టన్నుకి ఎంత, రిటర్న్ ఎంత. ఐదారు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులకి ఫోన్ చేస్తే అరగంటలో తెలిసిపోతుంది. కోల్‌కతాలో మూడో రోజు బ్రోకర్ 42 అన్నప్పుడు, ఇదిగో పేపర్లో 48 అని ఉంది చూడు అని చూపించటానికి నా చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఈ శనివారం మళ్లీ కోల్‌కతా లోడు ఎత్తుతున్నా. టన్నుకి 2,850 చెప్పారు, ఆగస్టు కన్నా 50 తక్కువ. దాంతో మొదలుపెట్టండి.

ఇట్లు
ఒక లారీ ఓనర్ కం డ్రైవర్
చిలకలూరిపేట, పల్నాడు జిల్లా